ఊరికే నడుసుడేంది?

ఖమ్మం, మార్చి 28

నాగలతా,

రాత్రిళ్లు నిద్ర పడుతోందని మొన్న ఫోన్లో చెప్పావు చూడు, అప్పటినుంచి నాకు కుళ్లుగా ఉంది. నీ దగ్గర దాచడం ఎందుకు?

ఇద్దరం ఒకే రోజు ఒకే డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. డిప్రెషన్ ఇంకా మొదట్లోనే ఉంది, మందులు అక్కర్లేదు, పొద్దున్నే లేచి నడవండి, నలుగురితో మాట్లాడండి అంది. మనుషుల్ని నలిపేసే వ్యవస్థను వదిలేసి మమ్మల్ని నడవమంటారేమిటని నేను అరగంట వాదించాను. ఆ వాదన ఇప్పటికీ సరైనదే. నువ్వు మాత్రం తలూపి, చర్లలో నీ బడికి తిరిగి వెళ్లి, నిజంగానే నడిచావు.

పైగా నీకు అక్కడి గూడెంలో ఉండే జంపక్క దొరికింది. అడవి దారిలో నిన్ను ఆపి, "ఊరికే నడుసుడేంది టీచరమ్మా? గీ గంప పట్టు, ఇప్పపువ్వు ఏరుదాం" అన్నదట. ఆ మాట చెబుతూ ఎంత నవ్వావే! పాతికేళ్లు నీ ఏడుపు విన్నది నేను, నవ్వు మాత్రం ఆమె పాలైంది. "ఉంటనే, జంపక్క పిలుస్తున్నది" అని ఫోన్ కూడా పెట్టేశావు.

నేనిక్కడ పదింటిదాకా మంచం దిగడం లేదు. మన బాధను మన నెత్తినే రుద్దే ఈ సలహాల మీద వ్యాసం మొదలుపెట్టాను. నెల రోజులైనా రెండో పేరా దాటలేదు. డాక్టరమ్మ మీద గెలిచాను గాని, లేవలేకపోతున్నానే.

ఆదివారం చర్ల బస్సెక్కుతున్నాను. సోమవారం తెల్లారకముందే నన్ను లేపు. వ్యవస్థ గురించి మొదలుపెడితే వినకు, చెయ్యి పట్టి లాగు.

నీ స్నేహితురాలు