పది గజాల దూరం

నాన్నకు, సౌదీలోని రాబిగ్ నుంచి గ్రేసు వందనాలు.

ఈ ఉదయం డ్యూటీ బస్సు అద్దాల నిండా సముద్రపు చెమ్మ పట్టింది. ముందు సీటులోని ఫిలిప్పీన్స్ అమ్మాయి అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. ఆమె లేచేసరికి అద్దం మీద చెవి ఆకారంలో కొంత మేర తేటగా మిగిలింది. ఆసుపత్రి చేరేదాకా ఆ చెవిలోంచే బయటికి చూశాను. రిఫైనరీ మంట కనిపించింది, తరవాత ఖాళీ రోడ్డు, తరవాత మళ్ళీ మంట.

అక్కడ మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నాయనమ్మకు దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. ఫోనులో మీరు అడిగితే "ఆ", "ఊ" తప్ప నాకు మాట రాదు కదా, అందుకే ఈ ఉత్తరం. మా వార్డులో మంచాలు తోసే గంగన్న ఛుట్టీ మీద ఊరికి వెళ్తున్నాడు. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. హైదరాబాదులో దిగగానే దీన్ని పోస్టు చేస్తానన్నాడు.

ఇక్కడ చలికాలం పేరుకే చలికాలం. సాయంత్రాలు మాత్రం హాయిగా ఉంటాయి. ఒక్కోరోజు దుమ్ము లేచి ఎండ తెల్లగా మారుతుంది. అప్పుడు ఆకాశమూ సముద్రమూ ఇసకా ఒకే గుడ్డలోంచి కత్తిరించినట్టుంటాయి. మెస్సులో మలయాళీ వంటవాడు పెట్టే లావు బియ్యం అన్నం అలవాటైంది. శుక్రవారం హాస్టల్లో అందరూ బజారుకు వెళ్తే నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఒక్కోసారి పేజీ తిప్పకుండానే గంట గడిచిపోతుంది. దిగులుతో కాదు నాన్నా, ఊరికే.

ఈ మూడు నెలలూ నా రోజులన్నీ ఒక అమెరికా ఆట చుట్టూ తిరిగాయి. నవ్వకండి, చెప్తాను.

నేను రోజూ వ్యాయామం చేయించే పేషెంట్లలో వాల్టర్ గారని ఒకరు ఉండేవారు. ఇక్కడి ప్లాంటులో ఇంజనీరు, మీకంటే కాస్త పెద్దవారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట బాగానే ఉంది. భార్య లేరు. ఒక్కతే కూతురు, అమెరికాలో మంచు కురిసే ఊళ్ళో ఉంటుంది. ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, తలకు ఇనప బుట్టల్లాంటివి పెట్టుకుని గుద్దుకునేది. ఏటా ఆ జట్టు సొంత ఊళ్ళో ఆడే చివరి ఆట తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చుని చూస్తారట. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఒక్క ఏడూ తప్పలేదట. ఈసారి కూడా వెళ్ళి తీరాలని ఆయన పట్టుదల.

డాక్టరు ఒకటే మాట చెప్పారు. ఎవరూ పట్టుకోకుండా, ఒంటిచేత్తో పట్టుకునే వాకరు ఊతంతో, మంచం దగ్గర్నుంచి నర్సుల బల్ల దాకా నడిస్తే విమానంలో మామూలు సీట్లో కూర్చుని వెళ్ళవచ్చు. నడవలేకపోతే స్ట్రెచర్ మీద పంపాలి. దానికి అనుమతులు వచ్చేసరికి ఆటలన్నీ అయిపోతాయి.

వాల్టర్ గారు ఆ దూరం కళ్ళతోనే కొలిచి, "సరిగ్గా పది గజాలు" అన్నారు. ఎందుకన్నారో తరవాత తెలిసింది. ఆ ఆటలో బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. మీ కబడ్డీలో కూత ఆగిపోతే పని అయిపోయినట్టే కదా, ఇక్కడ నాలుగు కూతలన్నమాట. ఆయన కోరిక మీద నేల మీద నర్సుల బల్ల దగ్గర తెల్ల ప్లాస్టరు టేపు ఒక గీతలా అంటించాను. దారిలో మూడుసార్లు కుర్చీలో ఆగవచ్చు, నాలుగోసారి గీత దాటాలి. డాక్టరు కూడా నవ్వి సరే అన్నారు.

ఆదివారం ఆటలు ఇక్కడికి అర్ధరాత్రి అవుతాయి. కూతురు రికార్డు చేసి పంపితే సోమవారం వ్యాయామం వేళ చూసేవాళ్ళం. పక్క మంచాలవాళ్ళ కోసం శబ్దం తీసేసేదాన్ని. ఆ చిన్న తెర మీద మంచు పడుతూ ఉంటుంది. మనుషులు నోటి నుంచి పొగ వదులుతూ వరసగా వంగుతారు, ఒక్కసారిగా లేస్తారు, కుప్పగా పడతారు. చప్పుడు మాత్రం ఏమీ ఉండదు. బయట ఎర్ర సముద్రం మీద ఎండ. అది ఆట అని మరిచిపోయి, ఎక్కడో నీళ్ళ అడుగున జరుగుతున్నదేదో చూస్తున్నట్టు ఉండేది.

ఆ జట్టు పేరు మీకు రాయను. గెలిచేదాకా ఎవరూ పేరు ఎత్తకూడదని వాల్టర్ గారి షరతు. "మనవాళ్ళు" అనాలి, అంతే. మనవాళ్ళు వారం వారం ఓడిపోయారు. బంతి జారవిడిచి ఓడారు, గెలుపు చేతిదాకా వచ్చాక కూడా ఓడారు. ఓడినప్పుడల్లా ఆయన ఎడమ మడమ ఎత్తేవారు. అది మా ఒప్పందం.

"వీళ్ళు ఇలాగే ఆడితే నేను పరిగెత్తేలా ఉన్నాను," అనేవారు.

గంగన్న తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. "ఏంది చెల్లె, మనోళ్లు మల్ల ఓడిన్రా? గిదేం ఆట! ఉరుకుడు, పడుడు, అందరు కూడి ముచ్చట వెట్టుడు. మా ఊర్ల కల్లుకాడి కొట్లాట జూసినా గింత కన్నా మంచిగుంటది."

"ఏమంటున్నాడు?" అని వాల్టర్ గారు అడిగేవారు.

"మనవాళ్ళకు ఇంకా సాధన కావాలంటున్నాడు," అనేదాన్ని.

"అంత మర్యాదగా అన్నట్టు లేదే!"

అలా సాగుతుండగా ఒక వారం ఆయనకు జ్వరం వచ్చింది. బీపీ ఎక్కువైంది. ఆ ఆదివారం ఆట ఓడితే మనవాళ్ళకు ఆ ఏడు ఇక ఏ ఆశా మిగలదు. ఓడారు, అదీ ఆఖరి నిమిషంలో. పొద్దున ఫోనులో చూసుకునే వెళ్ళాను. ఆయన కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట అదే. నేను "గెలిచారు" అన్నాను. ఎంత తేడాతో అని అడిగితే అంకెలు తిరగేసి చెప్పాను.

తాతయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనమందరం ఏం చెప్పాం నాన్నా? రేపు ఇంటికి తీసుకెళ్ళిపోతారని చెప్పాం. డాక్టరు గారు కూడా గుమ్మం బయట మీకో మాట, మంచం పక్కన తాతయ్యకో మాట చెప్పేవారు. పేషెంటుకు చెడు కబురు చెప్పకూడదని నాకు ఎవరూ నేర్పలేదు. మన ఇంట్లో అది గాలిలో ఉంది.

వాల్టర్ గారి ముఖం వెలిగిపోయింది. అన్ని వారాల తరవాత జట్టు పేరు గట్టిగా పలికారు, రెండుసార్లు. వెంటనే కూతురికి ఫోను చేశారు. అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఆయన ఫోను దుప్పటి మీద పెట్టి కాసేపు సముద్రం వైపు చూశారు. కోప్పడలేదు. నెమ్మదిగా అడిగారు: "నా కాలు బాగుపడుతోందని చెప్పింది కూడా నువ్వే కదా?"

మర్నాడు ఆయన లేవనన్నారు. ఆ మర్నాడూ అంతే. వాకరు మూలన ఉండిపోయింది. హెడ్ నర్సు లిస్సీ అక్క బతిమాలింది, డాక్టరు హెచ్చరించారు. ఆయన మర్యాదగా అందరికీ థాంక్స్ చెప్పి గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఆఖరి ఆటకు ఇక ఎక్కువ వారాలు లేవు.

మందుల గది బయట గంగన్నతో అన్నాను. "ఆయన మంచికే కదన్నా చెప్పాను."

గంగన్న మంచం చక్రాలు తుడుస్తూ తల ఎత్తలేదు. "మా నాయిన సచ్చిపోయినప్పుడు నాకు ఫోన్ల ఏం జెప్పిన్రో ఎర్కనా చెల్లె? జర జరమొచ్చింది, నువ్వు ఫికర్ జెయ్యకు అన్నరు. దినాలు గూడ అయిపోయినంక ఎర్కజేసిన్రు. పని పాడైతదని, పైసలు ఖరాబైతయని మంచికే జేసిన్రు. గని నాకు ఏడ్సే దినం గూడ ఇయ్యలే."

నేనూ కింద కూర్చుని అవతలి చక్రం తుడిచాను.

మళ్ళీ సోమవారం వచ్చింది. నేను కుర్చీ లాక్కుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. నా గొంతు ఎలాంటిదో మీకు తెలుసు, చర్చిలో వాక్యం చదవమంటే ముందు వరసకే వినిపించదు. ఆ రోజు వార్డంతా వినేలా చెప్పాను. మనవాళ్ళు ఓడారు. పోయిన వారం కూడా ఓడారు, నేను అబద్ధం చెప్పాను. తరవాత ఆయన కాలి సంగతి చెప్పాను. మోకాలు వారం రోజులుగా ఒక్క పిసరు మెరుగు పడలేదు, పడుకుని ఉండటం వల్ల కాస్త బిగిసింది కూడా. మడమ మాత్రం మునుపటికంటే పైకి లేస్తోంది. చెయ్యి పూర్తిగా ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో లేదో నాకు తెలియదు.

ఆయన నా వైపు తిరిగారు. "మోకాలు బిగిసింది, నిజమే," అన్నారు. ఆపైన, "ఎంత తేడాతో ఓడారు?" అని అడిగారు.

చెప్పాను.

"దరిద్రం," అన్నారు. తరవాత వాకరు వైపు చెయ్యి చాపారు.

ఆ రోజు నుంచి రోజూ అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పేదాన్ని. రాత్రి నాకు కలలు వచ్చేవి. ఇనప బుట్టల మనుషులు సముద్రం మీద మంచులో వరసగా నిలబడి ఉంటారు, ఎవరూ కదలరు, నేను టేపు చుట్ట పట్టుకుని గీత ఎక్కడ వెయ్యాలో తెలియక తిరుగుతుంటాను.

డాక్టరు చూసే రోజు వచ్చింది. ఆయన మొదటి విడత బాగా నడిచారు. రెండోది కూడా. మూడో విడతలో కాలు వణికింది, కుర్చీలో చాలాసేపు కూర్చున్నారు. డాక్టరు ఏదో ఫోను మాట్లాడుతూ కిటికీ వైపు వెళ్ళారు. గంగన్న నా పక్కకు వచ్చి గుసగుసగా, "చెల్లె, టేపు జర ఇటు జరుపుదమా? ఒక్క జానెడు. ఎవ్వలు జూస్తలేరు," అన్నాడు.

అన్నీ తెలిసిన గంగన్నే అన్నాడు నాన్నా ఆ మాట. నాకూ చెయ్యి ముందుకు వెళ్ళింది. తలెత్తితే వాల్టర్ గారు నన్నే చూస్తున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

నాలుగోసారి లేచారు. ఒక్కో అడుగూ వేస్తుంటే ఆయన బూటు నేల మీద రాసుకునే చప్పుడు తప్ప వార్డులో ఏమీ వినపడలేదు. గీతకు జానెడు ఇవతల మోకాలు మడత పడింది. గంగన్నా నేనూ చెరో పక్కా పట్టుకున్నాం. డాక్టరు తల అడ్డంగా ఊపారు. అంతే, ఆఖరి ఆటకు వెళ్ళడం లేదు.

ఆయన ఊపిరి తీసుకుంటూ గీత వైపు చూశారు. "నువ్వు జరపలేదు," అన్నారు నాతో.

ఆఖరి ఆట రోజు కూతురు స్టేడియంలో ఒక్కతే కూర్చుంది. పక్క సీటు మీద తండ్రి టోపీ పెట్టి మాకు వీడియోలో చూపించింది. టోపీ మీద మంచు పడుతూ పడుతూ దాని రంగే తెలియకుండా పోయింది. మనవాళ్ళు ఆ ఆట కూడా ఓడారు. తండ్రీ కూతురూ అక్కడా ఇక్కడా ఒకేసారి నవ్వటం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపరే! గంగన్న, "ఓడినోళ్లు గింత నవ్వుడేంది?" అంటూ తానూ నవ్వాడు.

తరవాత కొన్నాళ్ళకు, చూడటానికి ఏ ఆటా లేని ఒక మామూలు రోజున, ఆయన గీత దాటారు. మూడో విడతలోనే. పోయిన గురువారం విమానంలో మామూలు సీట్లో కూర్చుని వెళ్ళిపోయారు. ఆ మంచంలో ఇప్పుడు యెమెన్ ముసలాయన ఉన్నారు. టేపు ఊడదీశాను గానీ దాని జిగురు ఇంకా నేల మీద ఉంది. నడుస్తుంటే చెప్పు ఒక్క క్షణం అంటుకుంటుంది.

గంగన్న తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చేసిన కరివేపాకు పొడి, బీరువా కింది అరలోని నా పుస్తకాల్లో ఏవైనా రెండు హైదరాబాదులో వాళ్ళ బావమరిదికి అందేలా పంపండి. ఇంకో కోరిక. మీ షుగరు "పర్వాలేదు" అని రాయకండి, అంకె రాయండి. నాయనమ్మకు ఎలా ఉందో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను తట్టుకోగలను. దూరంగా ఉన్నదానికి తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంటుంది.

నాయనమ్మ పాదాలకు నా వందనాలు. పాస్టరు గారికీ, పెద్దమ్మకూ, పెదనాన్నకూ అడిగానని చెప్పండి. తమ్ముడికి ముద్దులు, వాడు ఎంత పెద్దవాడైనా సరే. అమ్మను రాత్రి ప్రార్థనలో నా పేరు తలుచుకోమనండి. మీ దీవెన నా తల మీద ఉండాలని కోరుకుంటూ,

మీ కూతురు
గ్రేసు

తా.క. లండన్ ఉద్యోగం కోసం రాసిన ఇంగ్లీషు పరీక్ష ఫలితం పోయిన నెలలోనే వచ్చింది, ఫోనులో మీకు ఇంకా రాలేదని చెప్పాను. మాట్లాడే భాగంలో తప్పాను.