ఇంటి చప్పుళ్ళు

మార్చి 3, సోమవారం

ఈయన ఇవాళ వంటింటి తలుపుకి నూనె వేశారు. మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ అది కిర్రుమంటూనే ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంది. తీసి మూసి, మూసి తీసి, చూశావా అని నన్ను పిలిచి మరీ చూపించారు. చాలా బాగుందన్నాను.

ఆయన పనిచేసే మిల్లు మూసేశాక మొహంలో నవ్వు చూడటం ఇదే మొదలు. స్టోర్స్‌లో ఏ నట్టు ఏ అరలో ఉందో తడుముకోకుండా చెప్పిన మనిషి. ఇప్పుడూ పొద్దున్నే లేచి, స్నానం చేసి, షర్టు టక్ చేసుకుని హాల్లో కూర్చుంటారు. వెళ్ళడానికి చోటు లేదు. ఫోన్‌లో వీడియోలు చూస్తారు. ఎవరో గడ్డం ఆయన తక్కువ ఖర్చులో ఇల్లంతా మార్చేస్తాడట. ప్యాకింగ్ చెక్కలతో సోఫా, పాత పైపులతో బట్టల స్టాండ్. బయట పని లేకపోతే పోయె, ఇంట్లో బోలెడుంది, మనమూ చేద్దాం అన్నారు.

దేవుడా, ఆయనకి చేతినిండా పని ఇయ్యమని రోజూ అడిగాను. విన్నావు. థాంక్స్.

మార్చి 6, గురువారం

ఇల్లంతా రంపంపొట్టు. పళ్ళ దుకాణం వెనకాల పారేసిన చెక్కపెట్టెలు తెచ్చి, విప్పి, గరుకు కాగితంతో రుద్ది షెల్ఫ్ చేశారు. నిజంగానే బాగుంది. నా పాత చీర ఒకటి కోసి కుషన్ కవర్లు కుట్టాను. ఇద్దరం కలిసి ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో.

అత్తయ్య గదిలో బీరువా మంచం పక్క నుంచి లాగి కిటికీ వైపు పెట్టారు. గది పెద్దదైనట్టు కనిపిస్తోంది. అత్తయ్య కుర్చీ కాలు ఒకటి పొట్టి, ఎప్పుడూ ఊగుతుంది. తెగిన చెప్పు నుంచి రబ్బరు ముక్క కోసి కాలికింద అంటించారు. ఇక ఊగదమ్మా, రాణీలా కూర్చో అన్నారు. అత్తయ్య కూర్చుని, లేచి, మళ్ళీ చేత్తో తడిమి, ఇది నాదేనా రా అని అడిగారు. అందరం నవ్వాం.

మార్చి 9, ఆదివారం

అత్తయ్య నుదుటి మీద బొప్పి. వంటింటి తలుపు తగిలిందట. ఇదివరకు వచ్చేముందు అరిచి చెప్పేది, ఇప్పుడు దొంగలా వచ్చి కొట్టిందన్నారు. ఈయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం

అత్తయ్య గ్లాసులోకి నీళ్ళు ఒంపుకుంటున్నారు. చూపుడువేలు గ్లాసు లోపల పెట్టుకుని ఒంపారు. వేలికి నీళ్ళు తగలగానే చెంబు ఎత్తేశారు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. నా వైపే మొహం పెట్టి, గదిలో ఎవరూ లేరనుకుని, కూనిరాగం తీశారు.

చూపు తగ్గిందని మాకు తెలుసు. రోజూ చుక్కలు వేసేది నేనే. కొంచెం మసక, వయసు కదా అనేవారు. మేమూ కొంచెమే అనుకున్నాం.

మార్చి 13, గురువారం

తలుపు వేసి అడిగాను. ముందు కోప్పడ్డారు. సూదిలో దారం ఎక్కించి చూపించమంటావా అన్నారు. తర్వాత ఆవిడే చెప్పారు. పోయిన వానాకాలం నుంచీ ఏమీ కనిపించదట. పగలో రాత్రో తెలుస్తుంది, అంతేనట.

మరి ఇన్నాళ్ళూ ఎలా తిరిగారంటే, ఇల్లే చెబుతుంది కదమ్మాయ్ అన్నారు. మంచం దిగి చెయ్యి చాస్తే బీరువా అంచు. అది పట్టుకుని నాలుగడుగులు వేస్తే గుమ్మం. తలుపు కిర్రుమంటే వంటిల్లు. బాత్రూం ముందు ఊడిన టైల్ ఉంది, కాలు పడగానే టక్కుమంటుంది, అంటే ఆ పక్కనే మెట్టు దిగాలి. దిగాక కుళాయి బొట్టు బొట్టుగా బకెట్లో పడుతుంటుంది, ఆ చప్పుడు వైపు వెళ్ళడమే. కుర్చీ ఊగితే అది తన కుర్చీ.

మీ ఆయన ఒక్కొక్కదాని నోరూ నొక్కేస్తున్నాడమ్మాయ్ అని నవ్వారు. తన కొడుకు అలాంటప్పుడు నా మొగుడైపోతాడు.

ఈయనకి చెబుతానన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వాడికి చెబితే వాళ్ళ అక్కకి చెబుతాడు, కడుపులో మాట దాగదు వాడికి అన్నారు. వదిన ముందే చెప్పి పెట్టారు, అమ్మకి కళ్ళు పూర్తిగా పోతే నా దగ్గరికి తీసుకెళ్ళిపోతానని. ప్రేమతోనే. నాలుగో అంతస్తు. పొద్దున అందరూ పనులకి వెళ్ళిపోతారు, బయట తాళం. ఒకసారి అక్కడ కొన్నాళ్ళు ఉన్నారు అత్తయ్య. ఆ ఇంట్లో అన్నీ కొత్తవి, ఏదీ చిన్న చప్పుడు కూడా చెయ్యదట. సామాను గదిలో పడేసిన ట్రంకుపెట్టెలా కూర్చున్నానమ్మాయ్, నన్ను అక్కడికి పంపొద్దు అన్నారు.

దేవుడి మీద ఒట్టు వేయించుకున్నారు. వేశాను. వేశాక తెలిసింది ఏం చేశానో.

మార్చి 15, శనివారం

టైల్ కూడా బాగైపోయింది. సిమెంటు ఆరేదాకా తొక్కొద్దన్నారు.

మార్చి 17, సోమవారం

అత్తయ్యకి మోకాలు కింద చెక్కుకుపోయింది. మెట్టు తెలియలేదు. సబ్బు నురగ మీద జారానని కొడుక్కి చెప్పారు. ఆయన పాపం వెంటనే సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి బాత్రూం నేల మీద అంటించారు. అమ్మ జారకూడదట.

అన్నీ మార్చేస్తే పెద్దవాళ్ళకి తికమక కదండీ అన్నాను, కూర తరుగుతూ, మామూలుగా. అమ్మకి కొత్త అంటే సరదా, నీకే భయం అన్నారు. నా మాట ఎప్పుడూ అంతే. నోట్లోంచి వచ్చేసరికి సగం బరువు తగ్గిపోతుంది.

మార్చి 20, గురువారం

కుళాయి అయిపోయింది. కొత్త వాషర్ వేశారు. పాతది తీసి డబ్బాలో దాచారు. ఏదీ పారేయరు ఆయన. చెవి పెట్టి విను, ఒక్క బొట్టు పడితే నా పేరు మార్చుకుంటా అన్నారు.

సాయంత్రం బాత్రూంలోంచి అత్తయ్య పిలిచారు. సబ్బు కింద పడింది అందుకో అని. సబ్బు చేతిలోనే ఉంది. గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నారు. ఏ వైపు తిరగాలో తెలియక.

ఇవాళ చెడ్డ ప్రార్థన చేశాను. ఆయన ఫోన్ పగిలిపోవాలని.

మార్చి 22, శనివారం, మధ్యాహ్నం

ఆయన హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళారు. స్పానర్ తీసి కుళాయి పైన నట్టు వదులు చేశాను. చెయ్యి జారింది, మళ్ళీ పట్టాను. బొట్టు పడింది. లోపలి నుంచి అత్తయ్య, హమ్మయ్య అన్నారు.

మార్చి 25, మంగళవారం

ఆయన బిగించారు. నేను వదులు చేశాను. ఆయన మళ్ళీ బిగించారు. దారం చుట్టి, టేపు చుట్టి, ఆ గడ్డం ఆయన వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూసి మరీ బిగించారు. నేను మళ్ళీ వదులు చేశాను.

ఇవాళ బాత్రూం మెట్టు మీద కూర్చుండిపోయారు. చొక్కా తడిసిపోయింది. చేతిలో వాషర్. ఒక వాషర్ మార్చడం కూడా చేతకానివాణ్ణి మిల్లు మాత్రం ఎందుకు ఉంచుకుంటుందిలే అన్నారు. నాతో కాదు, వాషర్‌తో.

మిల్లు మూతపడింది, ఈయన్ని తీసేయలేదు. ఆ మాట చెప్పాను. వినలేదు. అసలు మాట చెప్పడానికి లేదు. ఒకరికి దారి చూపిస్తే ఇంకొకరి కాళ్ళు విరుగుతున్నాయి. నువ్వే చెప్పు దేవుడా, నేనెవరి పక్కన నిలబడాలి.

మార్చి 26, బుధవారం

కుళాయి జోలికి వెళ్ళలేదు. కారడం లేదు. ఆయన అన్నం బాగా తిన్నారు. అత్తయ్య మంచినీళ్ళు తాగడం మానేశారు, బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని.

ఏప్రిల్ 1, మంగళవారం

ఇక అత్తయ్య గదికి పెయింట్. పక్కవీధి పెయింటర్ దగ్గర మిగిలిపోయిన డబ్బాలు తక్కువకి తెచ్చారు. లేత ఆకుపచ్చ. వేసే ముందే అత్తయ్య చెవిలో చెప్పాను, అడిగితే ఆకుపచ్చ అనండి అని. నాకు తెలుసులేవే అంటూనే, చిలకపచ్చా, ఆకుపచ్చా అని అడిగారు. లేత ఆకుపచ్చ అన్నాను. ఇద్దరం దొంగల్లా గుసగుసలు.

ఏప్రిల్ 3, గురువారం

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున ప్రార్థనకి వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. అత్తయ్య గది గుమ్మంలో తల్లీ కొడుకులు నిలబడి ఉన్నారు. ఆయన మోచేతుల దాకా పెయింట్. ఎలా ఉందమ్మా గది అని అడుగుతున్నారు. అత్తయ్య మొహం గోడ వైపు తిప్పి, అటూ ఇటూ నెమ్మదిగా తల ఆడించి చూసి, ఎంత చల్లగా ఉందిరా కంటికి, లేతాకులా ఉంది, ఈ ఆకుపచ్చ ఎక్కడ పట్టావురా అన్నారు.

గోడ పసుప్పచ్చగా ఉంది. ఆకుపచ్చ సగం గోడకే అయిపోయిందట. మిగిలిన పసుపు డబ్బాతో మొత్తం మళ్ళీ వేసేశారు. మంచి ముదురు పసుపు. వీధిలోంచి చూసినా తెలుస్తుంది.

అత్తయ్య ఇంకా పొగుడుతూనే ఉన్నారు. నీ చెయ్యే వేరురా, పెయింటర్లు ఎందుకూ పనికిరారు అంటున్నారు. ఈయన తల్లి మొహం వైపే చూస్తూ నిలబడ్డారు. బ్రష్ నుంచి పసుపు కారి పాదం మీద పడింది. దులుపుకోలేదు. అవునమ్మా, ఆకుపచ్చే అన్నారు.

తర్వాత పెరట్లో బ్రష్‌లు కడిగారు. ఎప్పుడో శుభ్రమైపోయాయి. కడుగుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఫోన్ ముట్టుకోలేదు. షర్టు టక్ చేసుకోలేదు.

భోజనం దగ్గర, కుళాయి నట్టు మీద గీతలున్నాయి అన్నారు. స్పానర్ పట్టడం రాని వాళ్ళ గీతలు అన్నారు. నేను పెరుగు వడ్డించాను. అది కంచం పక్కన పడింది. ఆయన వేలితో తుడిచేశారు.

వదినకి ఫోన్ చేసేస్తారేమో.

ఏప్రిల్ 5, శనివారం

ఈయన చెయ్యలేదు. వదినే చేశారు. రేపు వస్తున్నారట. అమ్మ నడక ఎలా ఉందో, చూపు ఎలా ఉందో తన కళ్ళతో చూస్తారట. బాగాలేకపోతే రేపే తీసుకెళ్ళిపోతారట. కారు పెద్దది తెస్తున్నారట, సామానుకి.

అత్తయ్య విని, మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయారు. నేను ఆ పక్కనే కూర్చున్నాను. ఇద్దరికీ చేసేదేమీ లేదు.

మధ్యాహ్నం ఈయన వచ్చి, బజారుకెళ్ళి రమ్మన్నారు నన్ను. ఏం తేవాలంటే, ఏదో ఒకటి, నెమ్మదిగా రా అన్నారు. దారంతా ఏడ్చాను, అత్తయ్యని పంపించే సంగతి వదినతో ఫోన్‌లో మాట్లాడటానికే నన్ను పంపారని.

తిరిగొచ్చి వంటింటి తలుపు తోశాను. కిర్రుమంది.

అక్కడే నిలబడిపోయాను. హార్డ్‌వేర్ డబ్బా నేల మీద బోర్లించి ఉంది. తలుపు బందులు సబ్బునీళ్ళతో కడిగేశారు. బాత్రూం ముందు కొత్త సిమెంటు చెక్కేసి, టైల్ మళ్ళీ వదులుగా పెట్టారు. కాలు వేశాను. టక్. కుళాయికి డబ్బాలో దాచిన పాత వాషర్ వేశారు. బొట్టు, బొట్టు. బీరువా మంచం పక్కకి వచ్చేసింది. ఒక్కరే ఎలా లాగారో, వీపు పట్టుకుని కూర్చున్నారు. రబ్బరు ముక్క కుర్చీ కాలికి లేదు.

ఆయన నా వైపు చూడలేదు. ఆ వీడియోలవాడికి ఏమీ రాదు, అన్నీ చెడిపోయాయి అన్నారు. అవునండీ అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

వదిన వచ్చారు. వంటింటి దాకా, బాత్రూం దాకా వెళ్ళొచ్చి మొదలుపెట్టారు. ఒరేయ్, ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నావురా, తలుపు చూస్తే ఏడుస్తోంది, టైల్ చూస్తే నాట్యం చేస్తోంది, ఆ కుళాయి మీద జాలి పడేవాళ్ళే లేరా ఈ ఇంట్లో అన్నారు. ఈయన తల దించుకుని, నాకు చేతకాదక్కా అన్నారు. పసుపు గోడ చూసి, ఇదెవరి నిర్వాకం అన్నారు. నాదే అక్కా అన్నారు. షెల్ఫ్ చూపించాలని నా ప్రాణం కొట్టుకుంది. ఈయన నా వైపు చూసి వద్దని తల ఊపారు.

అప్పుడు అత్తయ్య తన గదిలోంచి వచ్చారు. బీరువా మీద చెయ్యి. గుమ్మం. ముందు బాత్రూం వైపు, టక్, మెట్టు, కుళాయి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి తుడుచుకుంటూ, తలుపు కిర్రుమనిపించి వంటింట్లోంచి హాల్లోకి. కుర్చీ ఒకసారి ఊపి చూసి, కూర్చున్నారు. ఏమే, చిక్కిపోయావు అన్నారు కూతుర్ని. గొంతు విని చెప్పారో, గుండెతో చెప్పారో.

వదిన కళ్ళలో నీళ్ళు. అమ్మకేమిటి, రాయిలా ఉంది, చెడింది నువ్వేరా అన్నారు తమ్ముణ్ణి. ఈయన నవ్వారు. తిట్లు తింటూ ఆ మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

వెళ్ళేటప్పుడు వదిన నన్ను పక్కకి పిలిచారు. వీడి వల్ల కాదు కానీ, రేపు మా ప్లంబర్‌ని పంపిస్తాను, కుళాయి, టైల్, తలుపు అన్నీ వాడే చూసుకుంటాడు, ఖర్చు నాది, మొహమాటపడకు అన్నారు. వద్దు వదినా అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. కారు వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7, సోమవారం

ప్లంబర్ వచ్చాడు. సంచి దించి, కారే కుళాయి ఎక్కడ అన్నాడు. ఏ కుళాయీ కారడం లేదని ముగ్గురం ఒకేసారి అన్నాం. లోపల బొట్టు బొట్టుగా పడుతూనే ఉంది.