ఆయన తెరవని చెయ్యి

బారిడీహ్, 1979 కార్తీకం, గురువారం

సాయంత్రం మా ఆయనను కాసిడీహ్‌లో ధ్యానానికి తీసుకెళ్లాను. నిరుడు సువర్ణరేఖ నది వరదలో సొంత తమ్ముడి చెయ్యి ఈయన పట్టులోంచి జారిపోయింది; మనిషి మళ్లీ దొరకలేదు. అప్పటి నుంచి ఈయనకు నిద్ర లేదు.

"అరచేతులు తెరిచి ఒళ్లో పెట్టుకోండి. అంతా దేవుడికి వదిలెయ్యండి," అన్నారు ధ్యానం నేర్పే పెద్దాయన. అందరూ తెరిచారు. ఈయన కుడిచెయ్యి మాత్రం పిడికిలిగానే ఉండిపోయింది.

తిరిగొస్తూ అడిగాను. "ఏటయినాది? దేవుడి మీద నమ్మకం నేదా మీకు?"

"నమ్మకం ఉన్నాదే. కానీ ఈసారి వదిలేత్తే ఆడు నిజంగానే పోతాడు."



ఇప్పుడు పక్కనే నిద్రపోతున్నారు. నిద్రలోనే నా కుడి మణికట్టు పట్టుకున్నారు. విడిపించుకోవాలంటే భయమేసింది. ఎడమచేత్తోనే రాస్తున్నాను...