పరుగు పెట్టించే నరం

12 మార్చి 2000, ఆదివారం

అమ్మీ నాకు సంబంధం కుదర్చాలనుకుంటున్న ఉబైద్‌ని ఈ రోజు చూశాను. జురాంగ్ ఈస్ట్ స్టేషన్ దగ్గర కాఫీ షాపులో. నాలాగే ప్రోగ్రామర్. అమ్మీ చెల్లెలు అన్వరి ఖాలా పక్క టేబుల్లో కూర్చుని మమ్మల్ని చూడనట్టు నటించింది. ఈ పరాయి దేశంలో నేనుండేది ఖాలా ఫ్లాట్‌లోనే.

ఉబైద్ తక్కువ మాట్లాడతాడు. నేను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతాడు. రెండో కాఫీ తాగుతుంటే ఉన్నట్టుండి నాకు గుండె దడ. గొంతులో కొట్టుకుంటున్నట్టు. ఏదో సాకు చెప్పి లేచి వచ్చేశాను.

ఇంట్లో ఉర్దూ అయినా, వరంగల్లో చదివింది తెలుగు మీడియం. డైరీకి తెలుగే వస్తుంది. ఖాలాకి చదవరాదు, అదో లాభం.

26 మార్చి

మళ్లీ కలిశాం. మళ్లీ అదే దడ. చేతులు చల్లబడ్డాయి. ఉబైద్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు, టాక్సీ పిలవనా అన్నాడు. ఎందుకో కోపం వచ్చింది.

2 ఏప్రిల్

నమాజు చేసి, దారి చూపమని అడిగాను. జవాబు నా ఛాతీలోనే ఉందనిపించింది. ఖాలా కూడా అదే అంది: "దిల్ నక్కో బోల్‌రా తో నక్కో, బేటీ." మనసు వద్దంటే వద్దు అని.

వద్దని చెప్పించాను. ఎందుకని ఉబైద్ అడగలేదట. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనొద్దు అన్నాడట.

19 జూన్

రేపు గో-లైవ్, మేం రాసిన ప్రోగ్రాం నిజంగా వాడకంలోకి వెళ్లే రోజు. ఆఫీసులో కళ్లు తిరిగాయి. అదే దడ, కానీ ఉబైద్ లేడు, ఆయన తలపు కూడా లేదు. టీమ్‌లో అరుణశ్రీ హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. డాక్టరు ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కమన్నాడు. రెండోసారికి దడ టక్కున ఆగింది.

20 జూన్

పుట్టుకతోనే నా గుండెలో కరెంటుకి ఒక దారి ఎక్కువుందట. అందులో పడితే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. గుండెని పరుగు పెట్టించే నరాలు కొన్ని, నెమ్మది అనే నరం ఒకటి. ముక్కినప్పుడు పని చేసింది ఆ నెమ్మది నరమే.

భయపడితేనే దడ వస్తుందా అని డాక్టర్ని అడిగాను. కాఫీ తాగినా, నిద్ర లేకపోయినా వస్తుందన్నాడు. "హ్యాపీ ఆల్సో కెన్, లా" అన్నాడు, సంతోషమైనా రావచ్చని. పరుగు పెట్టించే నరానికి భయమో సంతోషమో తెలీదట.

నాకూ తెలియలేదు.

2 జూలై

ఉబైద్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాఫీ షాపులో నొప్పి కూడా ఉండెనా అని అడిగాడు. లేదన్నాను. మే నెలలో హైదరాబాద్‌లో సంబంధం ఖాయమైందట. అమ్మాయి పేరు ఆమ్నా. "నువ్వు ముందే చెప్పి ఉంటే" అని మొదలుపెట్టి ఆపేశాడు.

ముబారక్ అన్నాను.

14 జూలై

ఆ ఎక్కువున్న దారిని తీసేయడానికి హాస్పిటల్‌లో తొడ దగ్గర నుంచి గుండె దాకా సన్నని వైర్లు పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. ఆ దారి ఎక్కడుందో తెలియాలంటే దడ తెప్పించాలట. తెప్పించారు. అదే దడ, అలాగే గొంతులో. కాఫీ షాపు, నీళ్ల గ్లాసు పట్టుకొచ్చిన చెయ్యి. ఒక్క నిమిషం ఆగండి అనబోయాను. అప్పటికే ఆ దారిని కాల్చేశారు.

ఇంక రాదు అన్నాడు డాక్టరు. నొప్పిగా ఉందా అని నర్సు నా కళ్లు తుడిచింది.

9 ఆగస్టు

శుక్రవారం ఉబైద్ నిఖా. ఇవాళ ఆయన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మోగి మోగి ఆగేదాకా, ఎత్తకుండా ఫోన్‌కి ఎదురుగా కూర్చున్నాను.