అటూ ఇటూ తిరిగిన నాణెం

చిరంజీవి మా అమ్మలుకు నాన్న రెండు చేతులా దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, షాపూ, షాపు గడప మీద పడుకునే గోధుమరంగు కుక్కా అందరం కులాసాగా ఉన్నాం. నా నడుం ఒక్కటే ఎప్పటిలాగా నా మాట వినడం లేదు. నువ్వు అడిగావు గనక రాశాను, బెంగపడకు. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను. సరిగ్గా నిద్రపోవడం లేదని మాత్రం నీ అక్షరాలు చూస్తేనే తెలిసిపోయింది. ఒక వరుస కొండెక్కుతోంది, ఇంకో వరుస పల్లానికి దిగుతోంది.

నీ ఉత్తరం అందింది తల్లీ. అందింది అని ఒక్క ముక్కలో రాస్తే నా మనసు ఒప్పుకోవడం లేదు. పోస్టుమాన్ వచ్చేసరికి నేను పళ్ళ డాక్టరమ్మగారి సోఫా బోర్లా వేసి, నోట్లో మేకులు పెట్టుకుని, నవారు బిగిస్తున్నాను. కవరు మీద నీ చేతిరాత చూశాను. సుత్తి ఎక్కడ పెట్టానో తెలియదు. చదివాను. మళ్ళీ చదివాను. నవ్వొచ్చింది, నోట్లో మేకులున్న సంగతి మర్చిపోయి నోరంతా తెరిచి నవ్వేశాను. అవన్నీ నేల మీద రాలాయి. అప్పుడే మీ అమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. నీ ఉత్తరం గబుక్కున స్పంజి కిందికి తోశాను.

"ఏమిటది?" అంది.

"కరెంటు బిల్లు" అన్నాను.

"కరెంటు బిల్లు చూసి కళ్ళు తుడుచుకునేవాణ్ణి చూశాను గానీ, నవ్వుతూ తుడుచుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అని, మేకు ఏదైనా మింగానేమోనని బలవంతంగా రెండు అరటిపండ్లు తినిపించి వెళ్ళింది. మేకేమీ మింగలేదులే. నువ్వు నాన్నా అని రాసిన ఆ ఒక్క మాటే ఇంకా గొంతులో ఉంది.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను. ముందు పెద్దది. "నేను చివర పంపిన మాటకు కోపం వచ్చి ఖాతా మూసేసుకున్నావా నాన్నా? మర్నాడు మళ్ళీ పంపితే, ఈ ఖాతా లేదు అని వచ్చింది. ముఖం మీద తలుపేసినట్టయింది" అని రాశావు. అమ్మలూ, ఆ మాట చదవగానే నా ప్రాణం గిలగిల్లాడింది. నీ మీద కోపంతో నేను ఏదైనా మూస్తానా? ఆ ఖాతా మూసింది నేను కాదు, బ్యాంకువాళ్ళు. ఎందుకు మూశారో నాకూ చెప్పలేదు.

జరిగింది రాస్తాను విను. ఒకరోజు పొద్దున్నే డాక్టరమ్మగారు సోఫాకి అడ్వాన్సు పంపుతూ, "మీకు వెళ్ళడం లేదండీ, ఫోన్ పాడైందేమో చూసుకోండి" అన్నారు. ఫోన్ బాగానే ఉంది. ఆ రోజు నీకు మన నాణెం పంపడం నా వంతు గదా, పంపబోయాను, వెళ్ళలేదు. షట్టరు దించి నేరుగా బ్యాంకుకి వెళ్ళాను.

లోపల కూర్చోబెట్టిన కుర్చీ స్పంజి కూలిపోయి ఉంది. అందులో కూర్చుంటే ఎంతటి మర్యాదస్తుడైనా తప్పు చేసినవాడిలా కనిపిస్తాడు. కౌంటరు అబ్బాయి నా కార్డు చూసి, కంప్యూటరు చూసి, గొంతు తగ్గించాడు.

"మీ ఖాతా మూసేశారండీ."

"ఎవరు?"

"బ్యాంకే."

"ఎందుకు బాబూ?"

"కారణం చెప్పడానికి వీల్లేదండీ."

"నా ఖాతా గురించి నాకే చెప్పడానికి వీల్లేదా?"

"రూలండీ."

"పోనీ నేనేదైనా తప్పు చేశానా, అది చెప్పు."

"చేశారనీ చెప్పలేనండీ, చేయలేదనీ చెప్పలేనండీ" అన్నాడు. అతన్ని అని ఏం లాభం, పాపం అతనికీ తెలియదు. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన కూర్చున్న కుర్చీకి గుడ్డ వేసింది నేనే. నేను కుట్టిన కుర్చీలో వెనక్కి వాలి, "సారీ అండీ, పై నుంచి వచ్చిన నిర్ణయం" అన్నాడు. నాకు మిగిలిన డబ్బు చెక్కుగా ఇచ్చారు. "దీన్నేం చేసుకోవాలండీ?" అన్నాను. "మీ ఖాతాలో వేసుకోండి" అన్నాడు. "ఏ ఖాతాలో?" అన్నాను. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను.

డబ్బు గురించి నేను ఏడవలేదమ్మా. అదెక్కడికీ పోలేదు. సొరుగులో ఆ చెక్కు పడేసి, వచ్చినవాళ్ళ దగ్గర చేతికే తీసుకుని షాపు నడుపుకున్నాను. నా ఏడుపంతా మన నాణెం గురించి.

తలుచుకుంటే నవ్వొస్తోంది తల్లీ. నేను వద్దంటున్నా నువ్వు ఈ సోఫాల పనే నేర్చుకుంటానని నాతో పంతం పట్టి ఆ ఊరు వెళ్ళిపోయాక, ముందు నువ్వు ఫోన్ చేస్తావని నేనూ, నేను చేస్తానని నువ్వూ బిగుసుకు కూర్చున్నాం. మీ అమ్మ వారం వారం నీతో మాట్లాడుతుంటే నేను పక్కగదిలో గోడకి చెవి పెట్టేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, నీ కాలేజీ రోజుల్లో ఫీజులు కట్టిన నీ పాత ఖాతాకి నాణెమంత చిల్లర పంపాను. పంపేటప్పుడు ఎందుకోసమో రాయమని చిన్న గడి ఉంటుంది గదా, అందులో "చలిగా ఉందా" అని రాశాను. మర్నాడు అదే చిల్లర వెనక్కి వచ్చింది, "స్వెట్టర్ ఉంది" అని. నువ్వు నా డబ్బు ఉంచుకోవు, నేను నీ డబ్బు ఉంచుకోను. ఆ పంతంతోనే కదమ్మా రోజూ మాట్లాడుకున్నాం. "తిన్నావా". "తిన్నా". "ఏం పని". "కొత్త హాలు ఎర్ర సీట్లు". "ఎక్కడ". "స్టేషన్ పక్కన, వెనక వరుసలు నావి". ఆ గడిలో ఎక్కువ పట్టదు గనక పోట్లాడుకోవడానికి వీలు లేకపోయింది. లేకపోతే మనం ఊరుకునే రకమా?

మీ అమ్మకి ఇద్దరం చెప్పలేదు. నువ్వు పరువు కోసం, నేనూ పరువు కోసం. అందుకే ఖాతా పోయాక ఆమె చేత నీకు కబురు చెప్పించలేక నోరు కుట్టుకుని కూర్చున్నాను. నువ్వూ అంతేనని ఇప్పుడు తెలిసింది.

పైగా ఆఖరున నువ్వు పంపిన మాట ఏమిటి? "నీ కుట్టు కంటే నాదే గట్టి." అది చూసి షాపులో ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను తల్లీ. జవాబు ఆలోచించుకుని పొద్దున్న పంపుదామనుకున్నాను. తెల్లారేసరికి ఖాతా లేదు. నీకేమో నాన్నకి కోపం వచ్చిందని అర్థమైంది. ఆ బ్యాంకువాళ్ళు వాళ్ళ కారణం చెప్పకపోతే పోయారు, నాకు లేని కోపాన్ని నీకు చూపించారు. దానికి మాత్రం నేను వాళ్ళని క్షమించలేను.

నీ రెండో ప్రశ్న, నీ స్టూలు ఉందా అని. ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వను. దారం ఉండలు పెట్టుకుంటాను. మూడోది, అమ్మకి తెలుసా అని. నిన్నటిదాకా తెలియదు. నీ ఉత్తరం వచ్చిన సంతోషంలో నాకు ధైర్యం పుట్టి, ఖాతా పోయిన సంగతి చెప్పి, ఆమె ఖాతాలో నా పేరు కూడా చేర్పిద్దామని ఆమె బ్యాంకుకి తీసుకెళ్ళాను. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. "పాత బ్యాంకులో మీరు ఎక్కువగా ఏం లావాదేవీలు చేసేవారండీ?" అని అడిగింది. అబద్ధమాడితే ఇదీ మూసేస్తారేమోనని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసేసి నవ్వింది.

"వాళ్ళెందుకు మూశారో నాకు తెలియదు గానీ, ఒకే చిల్లర రోజూ అటు పోయి ఇటు వస్తుంటే ఏ మిషనుకైనా అనుమానం వస్తుందండీ. దొంగసొమ్ము తిప్పేవాళ్ళు ముందు అలాగే పంపి చూసుకుంటారు. మిషనుకి తండ్రీకూతుళ్ళని తెలియదుగా" అంది.

మీ అమ్మ నెమ్మదిగా నా వైపు తిరిగి, "నా ముందేమో ఇద్దరూ మూతులు ముడుచుకుని, నా వెనక ఇదన్నమాట మీ సంగతి. నేను వారం వారం ఫోన్ పట్టుకుని, మీ నాన్న బాగానే ఉన్నారే అని దానికీ, అమ్మాయి బాగానే ఉందండీ అని మీకూ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టించుకున్నాను" అంది. ఆవిడతో, "ఇకమీదట వీళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటారులెండి, మీ మిషనుకి భయం లేదు" అంది. దారి పొడుగునా నన్ను తిడుతూనే వచ్చింది. తిడుతూ తిడుతూ మధ్యలో నా చెయ్యి పట్టుకుంది. చాలా రోజులైంది అలా పట్టుకుని.

అమ్మలూ, ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మీ అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. ఇంతసేపూ అటూ ఇటూ తిప్పుతూ వచ్చింది దీని కోసమే.

నేను మీ ఊరు వచ్చాను.

ఖాతా పోయిన తరవాత నువ్వు పంపే మాట లేక నా వల్ల కాలేదు. రెగ్జిన్ కొనుక్కొస్తానని మీ అమ్మతో చెప్పి రైలెక్కాను. స్టేషన్ పక్కన హాలు వెతుక్కోనక్కర లేకపోయింది. మధ్యాహ్నం ఆటకి టికెట్ కొని వెనక వరుసలో కూర్చున్నాను. ఏ సినిమా అని అడగకు. లైట్లు తీసేశాక ముందుకి వంగి సీటు కిందకి చెయ్యి పోనిచ్చాను. మూల దగ్గర నీ ముడి తగిలింది. ముడి రెండుసార్లు బిగించి, మిగిలిన దారం తోకని లోపలికి దూర్చేయడం, చిన్నప్పుడు ఆ స్టూలు మీద కూర్చోబెట్టి నేనే నీకు నేర్పాను గదా. దూర్చావు. కానీ దూర్చే ముందు ఇంకో చుట్టు వేశావు. అది నేను నేర్పింది కాదు. గోరు పెట్టి లాగాను. కదల్లేదు. పక్క సీటూ చూశాను, ఆ పక్కదీ చూశాను. నేను అలా వంగి వంగి జరుగుతుంటే టార్చిలైటు ఆయన వచ్చి, "ఏం పోయింది పెద్దాయనా?" అన్నాడు. "ఏం పోలేదు నాయనా, దొరికింది" అన్నాను. ఆయనకేం అర్థమై ఉంటుంది.

తరవాత మీ వర్క్‌షాపు వెతుక్కుంటూ వచ్చి రోడ్డుకి అవతల నిలబడ్డాను. షట్టరు తెరిచి ఉంది. నువ్వు నోట్లో మేకులు పెట్టుకుని, మోకాలు సీటు మీద ఆనించి, సుత్తితో కొడుతున్నావు. పక్కనున్న వాళ్ళెవరో ఏదో అంటే మేకుల మధ్యనుంచే నవ్వావు. ఒక్కటీ కింద పడలేదు. రోడ్డు దాటుదామని అడుగు వేశాను. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయం వేసింది తల్లీ. అంతే, వెనక్కి తిరిగాను. రెగ్జిన్ కొనడం కూడా మర్చిపోయి వట్టి చేతులతో ఇంటికొచ్చి, నచ్చలేదని చెప్పాను. ఆ నవ్వు వెనక నువ్వు నా గురించి ఇంత బాధ పెట్టుకున్నావని నాకేం తెలుసు? తెలిస్తే బస్సులకి అడ్డంపడైనా వచ్చేవాణ్ణి.

మీ అమ్మ నిన్ననే నీకు ఫోన్ చేసి అంతా చెప్పేస్తానంది. ముందు నన్ను ఒక్క ఉత్తరం రాయనీ అని బతిమాలాను. ఫోన్లో అయితే నేను హలో అని ఆగిపోతాను, మిగతాదంతా ముక్కు చీదడమే అవుతుంది. నువ్వు పెద్ద ఉత్తరం రాశావు గనక నేనూ పెద్దదే రాయాలి. ఇదైనా మన పంతమే అనుకో.

ఆఖరు నాణెం నీ దగ్గర నుంచి వచ్చింది గనక జవాబు వంతు నాది. ఖాతాలో పంపలేను. అందుకని నిజం నాణెమే ఒకటి ఎర్ర రెగ్జిన్ ముక్కలో పెట్టి, చుట్టూ నా కుట్టు వేసి ఈ కవరులో పంపుతున్నాను. విప్పి చూడు, నీ గోటికి ఊడి వస్తుంది. ఆ రెగ్జిన్ ముక్కని నువ్వు మళ్ళీ కుట్టి ఉంచు. నాణెం మాత్రం ఎవరి చేతా పంపకు, పోస్టులో వేయకు. వచ్చే ఆదివారం నేనూ మీ అమ్మా వస్తున్నాం, నా చేతికే ఇద్దువు గాని. ఈసారి రోడ్డుకి అవతల నిలబడను. నాకు ఆ మూడో చుట్టు ఎలా వేస్తావో నేర్పాలి. స్టూలు ఏదైనా ఉంటే వేసి ఉంచు.

వేళకి తిను. మేకులు మింగకు.

ఇట్లు,
నీ కంటే వదులుగా కుట్టే
మీ నాన్న