మొసలి నోరు తెరిచింది

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొసళ్ల కేంద్రంలో నీ ఉద్యోగం నాకే ఇచ్చారు. విజిల్ ఊది, ఎర్ర పళ్లెం చూపించి, వస్తే చేప పెట్టి నువ్వు అలవాటు చేసిన ముసలి మొసలి, నేను ఊదితే నీళ్లలోంచి కదిలేది కాదు. "రానప్పుడు తిట్టమాకే, వచ్చినప్పుడు పెట్టు" అనేవాడివి. కాళ్లు పీకేదాకా నిలబడి రోజూ ఊదాను.

దాని దవడ లోపల పుండు లేచింది. ఈ ఉదయం డాక్టరు దాన్ని కట్టేయడానికి తాళ్లు తెప్పించాడు.

"తాళ్లెందుకయ్యా, ఒక్కసారి పిలుస్తా ఆగండి" అని పళ్లెం చూపించి ఊదాను. అది గట్టెక్కి, కంచె దగ్గర పళ్లేనికి మూతి ఆనించి, నోరు తెరిచింది.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు డాక్టరు, పొడవాటి కర్రతో మందు పూస్తూ.

"మా ఆయన."

పుండు మానేదాకా రోజూ పూయాలట. అలిసిపోయాను మావా. రేపు కూడా పిలుస్తాలే.