ఆదివారానికల్లా కొత్త ఫోను

సోమవారం, ఉదయం

ఇవాళ గట్టిగా నిర్ణయించేశాను. ఆదివారానికల్లా చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను ఉండాలి, పాతది దానం అయిపోవాలి. డైరీలో రాశాను కాబట్టి ఇక తిరుగులేదు!

కారణం మా ఆవిడ. నర్సింగు పాఠాలు చెబుతుంది. వేరే ఊళ్లో కొత్తగా పెట్టిన కాలేజీ కాస్త నిలదొక్కుకునేదాకా అక్కడే ఉండమని పంపారు. వెళ్లి రెండు నెలలు దాటింది. రోజూ వీడియో కాల్ చేస్తుంది. నా ఫోను ముందు కెమెరా పగిలి ఉంది. నిన్న చాలాసేపు చూసి, "ఏవండీ, మీరు మాట్లాడుతుంటే ఆవిరి పట్టిన అద్దం మాట్లాడుతున్నట్టుంది" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఆదివారం నా పుట్టినరోజు. ఇక్కడ ఎవరికీ తెలీదు. నాకేమీ తేవద్దు. ఆ ఒక్కరోజు మీ మొహం సరిగ్గా చూపించండి చాలు" అంది.

ఇన్నేళ్ల కాపురంలో నా మొహం కావాలని అడగడం ఇదే మొదటిసారి.

అయినా సిగ్గుచేటు! ఊళ్లో అందరి కళ్లూ పరీక్ష చేసి కళ్లజోళ్లు అమ్మేవాణ్ని. సొంత పెళ్లానికి మసగ్గా కనిపిస్తున్నాను.

సోమవారం, సాయంత్రం

వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా ముగ్గురికి చెప్పేశాను. మా షాపులో ఫ్రేములు బిగించే అమ్మాయి తలెత్తకుండానే "మంచిది సార్" అంది. మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టారు ఒకాయన ఉన్నారు. పాత ఫోన్లు పోగుచేసి, బాగుచేయించి, లేనివాళ్లకి పంచుతుంటారు. "శుభం. తెచ్చి నా చేతిలో పెట్టు. అన్నట్టు నా కళ్లజోడు ఎంతవరకు వచ్చిందోయ్?" అన్నారు. రేపే ఇస్తానన్నాను.

మూడో మనిషి మా షాపులున్న భవనానికి కాపలా కాసే పెద్దాయన. అందరం మీసాలాయన అంటాం. ఆయన ఫోను నీళ్లతొట్టిలో పడి చచ్చిపోయింది. నాది ఆయనకేనని పోస్టుమాస్టారు మాటిచ్చేశారు.

"మా అక్కతో పోట్లాడాలి బాబుగారూ" అన్నాడు. "రోజూ పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు వాళ్లనీ వీళ్లనీ అడిగి చేస్తున్నా. పరాయివాళ్ల ఫోనులో తిట్టుకుంటే మర్యాదగా ఉండదు కదండీ!"

నిజమే. ఒక పుణ్యం, ఒక పురుషార్థం. ఎంత మంచి వారం!

మంగళవారం

ఫోన్ల షాపుకి వెళ్లాను. వట్టి చేతులతో కాదు, కళ్ల పరీక్షకి వాడే అక్షరాల చార్టు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని మరీ. కెమెరా అద్భుతం అంటే నమ్మేయడానికి నేనేమన్నా వెర్రివాణ్నా? చార్టు గోడకి అంటించి, ఒక్కో ఫోనుతో ఫొటో తీసి, కింది వరస కనిపిస్తోందా లేదా అని చూశాను. కావలసింది ముందు కెమెరా కాబట్టి గోడకి వీపు పెట్టి నిలబడి, భుజం మీదుగా తీయాల్సి వచ్చింది. జనం పోగయ్యారు. ఒకాయన చార్టు చూసి తనంతట తానే చదవడం మొదలెట్టాడు. ఎడమ కన్ను బాగాలేదు. షాపుకి రమ్మన్నాను.

"ఇది బాగుందా సార్, ఇది బాగుందా?" అన్నాడు అమ్మేటాయన.

"మళ్లీ మొదటిది చూపించండి."

"ఇది?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

"మరి ఇది?"

"ఇందాకటిదే నయం. కాదు కాదు, దానికి ముందుది."

ఈ మాటలు ఎక్కడో విన్నట్టున్నాయే అనుకున్నాను. రోజూ నా కుర్చీలో కూర్చున్నవాళ్లు అనేవే! వాళ్లమీద ఎంత విసుక్కుంటానో. ఇకనుంచి విసుక్కోకూడదు.

ఏమీ కొనలేదు. కొంప మునిగిందేమీ లేదు. మంగళవారం ఎక్కడ, ఆదివారం ఎక్కడ!

బుధవారం

కళ్ల పరీక్షకి వచ్చిన ప్రతివాళ్లనీ సలహా అడిగాను. ఒకాయన బ్యాటరీ ముఖ్యం అన్నాడు. ఒకావిడ బరువు ముఖ్యం అంది. పడుకుని చూస్తుంటే ఫోను మొహంమీద పడుతుందట. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టినాయన మాత్రం కళ్లు మూసుకునే పావుగంట చెప్పాడు. అందరిలోకీ ఆయనకే బాగా తెలుసు. అంతా రాసుకున్నాక, ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదన్నాడు.

బామ్మర్దికి ఫోన్ చేశాను. కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తాడు.

"బావా, ఇప్పుడు కొన్నావంటే నీ అంత అమాయకుడు ఇంకోడుండడు. వచ్చే నెల కొత్త మోడల్ వస్తోంది."

"మీ అక్క పుట్టినరోజు ఈ ఆదివారంరా."

"అయితే అదీ వచ్చే నెల చేద్దాం."

తోడబుట్టిన ప్రేమ అంటే ఇదీ!

పదిమందిలో పాము చావదంటారు. ఊరికే అనలేదు. పోస్టుమాస్టారి కళ్లజోడు రేపు చూడాలి.

గురువారం

కొనేముందు పాతదాంట్లో ఫొటోలు ఖాళీ చేద్దామని కూర్చున్నాను. సగం ఫొటోల్లో నా బొటనవేలే ఉంది. మిగతా సగంలో మా ఆవిడ "ఇంక చాలు, ఆపండి" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కదాంట్లో మాత్రం చెయ్యి లేదు. వంటింట్లో అటు తిరిగి ఏదో పాడుకుంటోంది. దాన్ని చాలాసేపు చూశాను. ఆవిడ లేకపోతే ఈ ఇల్లు బొత్తిగా బాగాలేదు. రాస్తే తప్పేముంది, నా డైరీయే కదా.

తర్వాత అనిపించింది, అసలు ఈ ఫోనుకేం తక్కువ? మోగుతుంది. అలారం కొడుతుంది. మెట్లమీంచి దొర్లినా బతికింది. కెమెరా పగిలింది, అంతేగా! పన్ను ఊడిందని మనిషిని మార్చేస్తామా?

మీసాలాయన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి లేచి నిలబడి అడిగాడు. "అయిందా బాబుగారూ?" రేపట్నుంచి వెనకమెట్ల దారిన పోతాను.

శుక్రవారం

వెనకమెట్ల దారిలో చెత్తబుట్టలు, తడి, ఓ కోపిష్టి పిల్లి. ఒక జారు జారాను. ఎలాగో పైకి చేరేసరికి అక్కడా మీసాలాయనే! శుక్రవారం ఆ వైపు కూడా ఆయనే చూసుకుంటాడట. "అయిందా బాబుగారూ?"

సాయంత్రం మా ఆవిడ చేసింది.

"కొన్నారా?"

"కొనేశాను!" నోరు దానంతటదే అనేసింది.

"ఏదీ, అందులోంచి చేయండి."

"చార్జింగు పెట్టాను."

"ఏ రంగు?"

"నలుపు. నీలం... నలుపులాంటి నీలం."

నా మొహం కనిపించకపోవడం ఇవాళ్టికి మంచిదే అయింది.

కాదు, మంచిది కాలేదు. ఎదురుచూస్తున్న మనిషికి అబద్ధం చెప్పాను.

శనివారం

పొద్దుటినుంచీ షాపు నిండా జనం. ఫోన్ల షాపు మూసేవేళకి పరిగెత్తాను. అమ్మేటాయన నన్ను చూడగానే లైట్లు ఆర్పబోయాడు. "చార్టు తేలేదండీ" అన్నాక లోపలికి రానిచ్చాడు. "నలుపులాంటి నీలం ఉందా?" అన్నాను. ఉంది! చిటికెలో కొనేశాను. ఇన్నిరోజులూ ఏం చేశానో మరి. సైజు అచ్చం పాతదానంతే.

మా షాపు అమ్మాయి కొత్తదాంట్లో సిమ్ము వేసి, నంబర్లన్నీ ఎక్కించి, పాతదాన్ని పూర్తిగా తుడిచేసింది. "కొత్తదానికి లాక్ పెట్టమంటారా సార్?" అంది. రేపు చూద్దాంలే అన్నాను.

మా వృత్తిలో నాకో పద్ధతి ఉంది. కొత్త కళ్లజోడు తీసుకున్నవాళ్లకి దాన్ని వాళ్ల పాత బాక్సులోనే పెట్టి ఇస్తాను, పాత జోడు కొత్త బాక్సులో పెడతాను. చేతికి అలవాటైన బాక్సు అయితే ఎక్కడా మరిచిపోరు. ఏళ్ల తరబడి చేస్తున్న పని, చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఇవాళ ఫోన్లు కూడా ముచ్చటగా అలాగే సర్దాయి.

దారిలో పోస్టుమాస్టారింట్లో ఆగాను. ఎప్పట్నుంచో నా ఫోనుతో జేబులో తిరుగుతున్న పాత తోలు పౌచ్ ఆయన చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "నువ్వు కళ్లజోడు ఇవ్వకపోతివి, నాకేమీ ఆనట్లేదు. పనిచేస్తుంది కదా?"

"భేషుగ్గా పనిచేస్తుంది!"

"అయితే ఇప్పుడే వెళ్లి మీసాలాయనకి ఇచ్చేస్తా."

కొత్త అట్టపెట్టె గుండెకి హత్తుకుని ఇంటికొచ్చాను. అన్న మాట నిలబెట్టుకున్నాను! పెట్టె రేపు పొద్దున్నే తెరుస్తాను. ఆవిడ చేసేలోపు నేనే చేయాలి.

ఆదివారం, ఉదయం

పెట్టె తెరిచాను.

పాత ఫోను.

అయ్యో అయ్యో అయ్యో!

ఆదివారం, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బనీనుమీదే పరిగెత్తాను. మీసాలాయన భవనం గేటు దగ్గర స్టూలుమీద కూర్చుని, నా కొత్త ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకుని, "కిటికీ దగ్గరికి జరగండమ్మగారూ, వెలుతురు బాగుంటుంది" అంటున్నాడు.

అమ్మగారు! నా నంబరుకే కదా చేసింది. పుట్టినరోజు పూట మొగుడి మొహం చూద్దామని చేస్తే మీసాలు కనిపించాయి. అంత పెద్దవి, అంత స్పష్టంగా!

"ఇదిగోనమ్మా, వచ్చేశారు" అని ఫోను నా వైపు తిప్పాడు.

చెమట, బనీను, రేగిన జుట్టు. ఆవిడ అలా చూస్తూనే ఉంది. మెల్లగా, "ఎంత చిక్కిపోయారండీ" అంది. కళ్లు తుడుచుకుంది. నాకూ ఆగలేదు. నడివీధిలో నిలబడి ఏడ్చాను. మీసాలాయన మర్యాదగా తల అటు తిప్పుకున్నాడు. ఫోను మాత్రం నా వైపే పట్టుకున్నాడు.

మాటలయ్యాక, "పాతదే ఇంత బాగుంటే మీ కొత్తది ఇంకెలా ఉందో బాబుగారూ!" అన్నాడు. "నిన్న మా అక్క నెత్తిమీద తెల్లవెంట్రుకలు కూడా కనిపించాయి. చెప్పా. ఎంత బ్రహ్మాండంగా పోట్లాడిందనీ!"

నిజం రాయాలి. కడుపు మండిపోయింది. లాక్కుందామనిపించింది. 'అది నాది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఫోనుని తువ్వాలుతో తుడిచి, పౌచ్‌లో పెట్టి, పౌచ్ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"సిమ్ము ఒక్కటి ఇప్పించండి, పొరపాటున ఉండిపోయింది" అన్నాను.

ఆదివారం, సాయంత్రం

సిమ్ము పాతదాంట్లో వేశాను. ఆవిడే చేసింది. జరిగిందంతా చెప్పాను, శుక్రవారం అబద్ధంతో సహా. నవ్వీ నవ్వీ ఆవిడకి పొలమారింది. "వెనక్కి అడక్కండి. నా పుట్టినరోజుకి నేనే ఆయనకి ఇచ్చాననుకుంటా" అంది. తర్వాత గొంతు మార్చి, "రేపు వెళ్లి అదే మోడల్ తెచ్చుకోండి. ఇంకోదాన్ని కన్నెత్తి కూడా చూడొద్దు" అంది.

"చూడను" అన్నాను.

సోమవారం

ఇవాళ గట్టిగా నిర్ణయించేశాను. అదే షాపు, అదే మోడల్, అదే రంగు. నేరుగా వెళ్లి తెచ్చుకోవడమే. చిటికెలో పని.

బామ్మర్ది ఇప్పుడే చేశాడు. దాంట్లోనే ఇంకో రకం వచ్చిందట, కెమెరా ఇంకా మెరుగట. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూస్తే తప్పేముంది? చూడ్డమే, కొనేది మాత్రం అదే.

అంతదాకా ఇబ్బంది లేదు. మీసాలాయన తన సిమ్ము వేసుకున్నాడు. ఆవిడ పొద్దున్నే ఆ ఫోనుకే చేస్తుంది, నేను వెళ్లి మాట్లాడతాను. ఇవాళ వెళ్లేసరికి ఆయన తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి ఉంచాడు. "ఎన్నాళ్లు పడుతుందో ఏమో, కూర్చుని మాట్లాడండి బాబుగారూ" అన్నాడు.

ఎన్నాళ్లేమిటి? ఈ ఆదివారానికల్లా!